జోయల్ కాలికి దొంగకట్టు

పుత్తూరు మార్కెట్ క్లబ్బు పంతొమ్మిదేళ్లుగా జిల్లా ఫుట్‌బాల్ లీగులో రెండో డివిజన్‌ను పట్టుకుని వేలాడుతోంది. ఇన్నాళ్లకు దేవుడు కళ్లు తెరిచాడు. ఆదివారం చిత్తూరు జట్టును ఓడిస్తే చాలు, మొదటి డివిజన్‌కు ఎక్కేస్తుంది. సెక్రటరీ ధనంజయకు పది రోజులుగా అన్నం సహించడం లేదు.

జట్టు కొట్టిన గోల్సులో సగం జోయల్‌వే. వాణ్ని కొనుక్కుంటామని చెన్నై క్లబ్బు మనిషి శుక్రవారం వస్తున్నాడు. వాళ్ల కొనుగోళ్ల గడువు ఆ రోజుతో సరి. జోయల్ వెళితే నెలనెలా జీతం వస్తుంది, వాళ్లమ్మ గంగులమ్మ కూలికి పోవడం మానుకోవచ్చు. క్లబ్బుకొచ్చే సొమ్ముతో గ్రౌండు చుట్టూ కంచె వేయించుకోవచ్చు. కానీ ఆదివారం గోలు కొట్టేదెవరు?

ఇక అభిమానులున్నారే, వాళ్లతో వేగడం మరో తంటా. టీ అంగడి సుందరరాజు వాళ్లకు పెద్ద. జోయల్‌కు మొదటి బూట్లు కొనిచ్చింది అతనే. "వాణ్ని అమ్మినావంటే అప్పా, మేం గ్రౌండు మొగం సూడం. నువ్వొక్కడివే నిలబడి చప్పట్లు కొట్టుకో" అని తెగేసి చెప్పాడు.

శుక్రవారం పొద్దున జోయల్ కుంటుకుంటూ క్లబ్బు గదికి వచ్చాడు. కాలికి వెదురుబద్దలు, తెల్లగుడ్డ. అచ్చం విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టే. పక్కన సుందరరాజు. "మెట్ల మీద జారినాడప్పా, ఎముక చిట్లింది" అన్నాడు.

ధనంజయ వంగి చూశాడు. అసలు కట్టుకుండే పసరు వాసన లేదు, గుడ్డుసొన మరక లేదు. పుత్తూరులో పుట్టినవాడికి ఆ మాత్రం తెలీదా? దొంగకట్టు! చెన్నై మనిషి దీన్ని చూసి వెనక్కి పోతాడు, ఆదివారం జోయల్ ఆడతాడు. అడగాల్సింది అడగలేదు. "జాగ్రత్తప్పా" అని మాత్రం అన్నాడు. లోపల సంతోషమేసింది, ఆ సంతోషానికి సిగ్గూ వేసింది.

మధ్యాహ్నం చెన్నై క్లబ్బు మనిషి సెల్వరాజు దిగాడు. కట్టు చూసి కంగారు పడతాడనుకుంటే నవ్వాడు. ఎముక విరిగితే చెన్నై వాళ్లు పరిగెత్తుకొచ్చేది పుత్తూరుకే అన్న సంగతి ఇంతమందిలో ఒక్కడికీ తట్టలేదు, ఖర్మ!

"చిన్నప్పుడు నా చెయ్యి కూడా ఈడే కట్టించినారు. పది దినాలు వాసన పోలేదు. దీనికేది వాసన?" అంటూ సెల్వరాజు ముడి విప్పేశాడు. కాలు నిక్షేపంలా ఉంది.

"ఇప్పుడే మోసం చేసే పిల్లోడు మాకొద్దు" అని లేచాడు. జోయల్ తలొంచుకుని ఉన్నాడు. వాడి కన్నీళ్లు మోకాలి మీద పడుతున్నాయి.

ధనంజయ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "సార్, ఇది నా పని. ఆదివారం గెలవాలన్న ఆశ. వాడు పెద్దోళ్ల మాట కాదనలేక కూసున్నాడు. తిట్టేదుంటే నన్ను తిట్టండి. వాణ్ని మాత్రం తీసకపోండి."

సెల్వరాజు జోయల్ కాలు ఇంకోసారి తడిమి చూశాడు. జోయల్‌ను గ్రౌండు చుట్టూ రెండుసార్లు పరిగెత్తించాడు. కాగితాల మీద సంతకాలయ్యాక, "మీతో మాకు ఇదే ఆఖరు బేరం" అని ధనంజయతో అని, జోయల్‌ను కారెక్కించుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం గ్రౌండు నిండా జనమే. గ్రౌండు మొగం చూడమన్నవాళ్లంతా వచ్చారు. అయినా చిత్తూరు రెండు గోల్సు కొట్టింది, పుత్తూరు ఒక్కటీ కొట్టలేదు. మళ్లీ రెండో డివిజనే.

అందరూ వెళ్లాక సుందరరాజు వచ్చి ధనంజయ పక్కన కూర్చున్నాడు.

"కట్టింది నేను గదప్పా. నా తప్పు నీ నెత్తినెందుకు ఏసుకున్నావు? ఊరంతా నిన్నే దొంగ అంటాండాది."

"నేనేం అబద్ధం చెప్పలే సుందరా. అది దొంగకట్టని ఆ పొద్దున్నే తెల్సుకున్నా. తెల్సీ నోరు మూసుకున్నా" అన్నాడు ధనంజయ. "వాడు ఏడ్సేదాకా నాకు బుద్ధి రాలే."