బొట్టు కింద అంకె

నేను ఒక రౌటర్‌ని. తీగ మీద ఇంటికొచ్చే ఇంటర్నెట్‌ను గాలిలోకి వదిలి ఫోన్లకు అందించే డబ్బాని. రెండు కొమ్ములు, వరసగా ఆకుపచ్చ దీపాలు, అడుగున అంటించిన ఒక కాగితం చీటీ. ఎక్కడో ఫ్యాక్టరీలో నాలాంటివి వేలకొద్దీ కదిలిపోతుంటే ఒకమ్మాయి నా వైపు చూడకుండానే ఆ చీటీ అంటించింది. నా పేరు, నేను ఎన్నో రకమో చెప్పే అంకె, పాస్‌వర్డ్ దాని మీద ఉన్నాయి. మనుషులు అలాంటి చీటీలు చదవరు. చదివిన మనిషి నాకు ఒక్కతే దొరికింది.

పాలకొల్లులో మోటార్లు చుట్టే సత్తిరాజు నన్ను కొన్నాడు. కాలిపోయిన మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టి బతికించడం అతని పని. ఏ యంత్రమైనా వేడెక్కే చస్తుందని అతని నమ్మకం. గాలాడే చిల్లులు అడుగున ఉన్నాయని కనిపెట్టి, వెనక గది గూట్లో నన్ను బోర్లా పెట్టాడు. అలా నా చీటీ పైకి తేలింది. ఆయుధపూజ నాడు అతని భార్య మంగతాయారు నాకూ బొట్టు పెట్టేది, చీటీకి తగలకుండా ఓ మూలన. అప్పటికి ఆమెకు అక్షరం రాదు. అక్షరాల మీద పసుపు పూయకూడదని మాత్రం తెలుసు.

మూడేళ్లకు సత్తిరాజు పోయాడు. పదోనాడు ఆడవాళ్లంతా చేరి మంగతాయారు బొట్టు చెరిపారు. షాపు మరిది వీర్రాజు చేతికి వెళ్లింది. ముందు గదులూ మేడా అతని సంసారానివయ్యాయి. వెనక గదీ, అందులో నేనూ ఆమెకు మిగిలాం.

యాభై దాటాక ఆమె వయోజనుల బడికి వెళ్లి తెలుగు నేర్చుకుంది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం నా దగ్గరే నేర్చుకుంది. కొత్త ఫోన్లో పాస్‌వర్డ్ కొట్టిపెట్టమని తోడికోడలు అనసూయను అడిగితే, "ఉండక్కా, పనిలో ఉన్నా" అని వారం తిప్పింది. ఆ తర్వాత మంగతాయారు అడగడం మానేసి, పిల్లల అక్షరాల పట్టిక ఒకటి సంపాదించి, గూటి ముందు పీట వేసుకుని కూర్చుంది. ముగ్గు చూసి ముగ్గేసినట్టు నా చీటీ మొత్తం నోటుపుస్తకంలోకి దింపింది. మూడు రోజులు పట్టింది. చివరికి తనే ఫోన్లో కొట్టింది. నేను ఒప్పుకున్నాను. ఎవర్నీ బతిమాలకుండా ఒక తలుపు తెరుచుకోవడం ఆమెకు అదే మొదలనుకుంటాను.

తర్వాత ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టింది. పాఠాలన్నీ ఫోన్లోనే. ఫోనుకు రోజూ వచ్చే నెట్టు ఒక్క పాఠానికే అయిపోతుంది. మిగతా చదువంతా నా మీదే నడిచింది.

నాకు వయసైపోయింది. నన్ను చేసిన కంపెనీ నా సంగతి చూడటం ఎప్పుడో మానుకుంది. లెక్కల పాఠం మధ్యలో పదేసి నిమిషాలకోసారి స్పృహ తప్పేవాణ్ణి. పాఠం చెప్పే పంతులు నోరు తెరిచి ఆగిపోయేవాడు, ఆమె పెన్సిల్ పట్టుకుని ఎదురుచూసేది.

"కొత్తది కొనేద్దాం వదినా, మేడ మీద పెట్టుకుందాం" అన్నాడు వీర్రాజు. మేడ మీద పెడితే వెనక గదికి అందదని, పాస్‌వర్డ్ మళ్లీ వాళ్ల నోట్లో ఉంటుందని ఆమెకు తెలుసు.

దసరాకు వీర్రాజు అల్లుడు ఫణీంద్ర వచ్చాడు. కంప్యూటర్ ఉద్యోగం. నన్ను చూసి ముచ్చటపడ్డాడు.

"దీన్ని పారేయక్కర్లేదండి పెద్దత్తయ్యా. కంపెనీ వదిలేసినా, వీటికి వేరే ఫర్మ్‌వేర్ రాసి ఊరికే పంచేవాళ్లున్నారు. అదెక్కిస్తే ఇంకో అయిదేళ్లు లాగుద్ది."

"ఒళ్లు పాతదే, బుద్ధి కొత్తదన్నమాట."

"అంతేనండి. కాకపోతే ఒక్కో రకానికి ఒక్కో ఫైలు. ఒకదానిది ఇంకోదానికి ఎక్కిస్తే ఇటుకైపోద్ది, ఇక లేవదు" అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. రెండు రోజులు ఆలోచించింది. అన్నం వార్చేటప్పుడూ నన్నే చూసింది. కదపకపోతే కుంటుతూనే ఉంటాను, పరీక్షలదాకా నిలుస్తానన్న నమ్మకం లేదు. కదిపితే బాగుపడొచ్చు, ఒక్కసారే పోవచ్చు. పోతే చదువు మేడెక్కి కూర్చుంటుంది. మూడో రోజు పొద్దున, "ఎక్కించండి అల్లుడుగారూ. అంకె చూసుకుని మరీ ఎక్కించండి" అంది.

ఆ రోజే ఆయుధపూజ. సత్తిరాజు పోయాక అనసూయ పూజ పళ్లెం వెనక గదికి వచ్చింది లేదు. ఈసారి అల్లుడు చెయ్యి పెట్టబోయే వస్తువు కదా, వచ్చింది. నా చీటీ నిండా పసుపు పూసి, సరిగ్గా నడుమ రూపాయి బిళ్లంత కుంకుమబొట్టు అద్దింది. మంగతాయారు గుమ్మం అవతలే నిలబడి చూసింది. పూజ సామాను ఆమె ముట్టుకోకూడదు.

మధ్యాహ్నం ఫణీంద్ర లాప్‌టాప్ తెరిచాడు. అందరూ గారెలు తింటూ చుట్టూ చేరారు. అంకె కనిపించలేదు. మంగతాయారు కొంగు తడిపి నా మీదికి చెయ్యి చాపింది.

"అయ్యయ్యో! పండగపూట బొట్టు చెరుపుతావా అక్కా! అందులోనూ నువ్వు!"

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వీర్రాజు తలెత్తకుండా గారె నమిలాడు.

"చెరపక్కర్లేదులెండి, అంకె నాలుగు. ఆ చీటీ అంతా నాకు నోటికొచ్చండి" అంది ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

"నోటికే వచ్చు బాబూ, కంటికి రాదు" అని అనసూయ పకపకా నవ్వింది. "మొన్న మందుల చీటీ తలకిందులుగా పట్టుకుని చదివేస్తోంది!"

"కొన్న ఏడాదిని బట్టి చూస్తే రెండయ్యుంటుందండి" అన్నాడు ఫణీంద్ర.

"కాదండి, నాలుగండి."

"వదినా, ఆయన చదువుకున్నోడు. నువ్వూరుకో" అన్నాడు వీర్రాజు.

అల్లుడి మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు. పులుసులో ఉప్పెక్కువైనా అల్లుడు బాగుందంటే బాగున్నట్టే. నిజానికి నా అంకె నా లోపలా రాసి ఉంది. ఒక పేజీ తెరిస్తే కనిపించేది. తెలుసనుకున్నవాడు తెరిచి చూడడు. ఈ ఫైలు నాది కాదేమోనని నేనొకసారి తెర మీద అడిగాను కూడా. చదవకుండానే సరే నొక్కాడు.

దీపాలన్నీ ఒక్కసారి భగ్గుమని వెలిగి ఆరిపోయాయి.

పిన్నుతో పొడిచాడు, తీగ పీకి పెట్టాడు, కొమ్ములు తిప్పాడు. చివరికి, "లోపల ఏదో ఎప్పుడో పోయినట్టుందండి. పాతది కదా" అన్నాడు. తప్పు నాదని తేలాక అందరి మనసులూ కుదుటపడ్డాయి. అనసూయ అతనికి మరో రెండు గారెలు వడ్డించింది.

ఇటుకకు చూపుంటుందని ఎవరికీ తెలియదు. అందరూ వెళ్లాక మంగతాయారు గది తలుపు దగ్గరికి వేసింది. కొంగు తడిపింది. బొట్టు చెరిపింది. పసుపు కింద నా అంకె చెక్కుచెదరకుండా ఉంది. నన్ను తీసుకెళ్లి, కాఫీ తాగుతున్న ఫణీంద్ర ముందు పెట్టింది.

"చదవండి."

అతను చదివాడు. "నాలుగేనండి" అన్నాడు, వినపడీ వినపడకుండా.

"పోనిద్దూ అక్కా, పాత డబ్బా కోసం ఇంత రాద్ధాంతమా" అంది అనసూయ.

మర్నాడు మేడ మీద కొత్త రౌటర్ వెలిగింది. పాస్‌వర్డ్ అడిగితే, "అల్లుడుగారు పెట్టారక్కా, నాకూ తెలీదు. వీలు చూసి అడుగుతాలే" అంది అనసూయ. అల్లుడు వెళ్లి రెండు నెలలైంది. వీలు ఇంకా కుదరలేదు. మంగతాయారు రోజుకొక్క పాఠం వింటుంది. లెక్కలు వింటే సైన్సు ఉండదు.

ఫ్యాన్ గాలికి నోటుపుస్తకం ఎగరకుండా నన్ను దాని మీద పెడుతుంది, చీటీ పైకి ఉండేలా. పాత సామాన్ల బండి వీధిలోకి వచ్చినప్పుడల్లా అనసూయ మేడ మీంచి కేకేస్తుంది.

"అక్కా, ఆ పాడైన డబ్బా కూడా పడేద్దామా?"

"ఉండనీ" అంటుంది మంగతాయారు తలెత్తకుండా. "దాని మీద నాలుగుంది."