మొగ్గలు వేరు, విచ్చినవి వేరు

సరళ మా గూడేనికి మూడోసారి వచ్చినప్పుడు ముఖం వాడిపోయి ఉంది. భద్రాచలం కాలేజీలో ఆ పిల్ల పుట్టకొక్కుల మీద, అదే పుట్టగొడుగుల మీద, పరిశోధన చేస్తోంది. తిన్న అన్నంలోని గంజిని కడుపులో చక్కెరగా మార్చే ఎంజైమ్ ఒకటుంటుందట. దాన్ని అడ్డుకునే గుణం అడవి కొక్కుల్లో ఉందేమోనని వెతుకుతోంది. చక్కెర జబ్బువాళ్లకు ఎప్పటికైనా పనికొస్తుందని ఆశ.

"మొదటిసారి నువ్విచ్చిన కొక్కులు ఎంజైమ్‌ను ఆపినయ్ అవ్వా. రెండోసారి అదే పుట్టవి ఆపలే. మొదటిది పొరపాటంటున్నడు మా సారు. ఈసారి గూడ ఆపకుంటే ఈ పని బంద్."

"రెండోసారిది చెప్పకుంటే అయిపోతది గద బిడ్డా."

"అయింది అయినట్టు రాయాలె గదవ్వా."

ఆ మాటతో నా మనసు గెలిచింది. కూర్చుని గుర్తు చేసుకున్నాను. మొదటిసారి ఆమె వచ్చింది ఆరుద్ర కార్తెలో, మా నల్లమేక ఈనిన పొద్దున. కొక్కులు అప్పుడే మట్టి చీల్చుకుని లేచాయి, అన్నీ మొగ్గలే. రెండోసారి పునర్వసులో. అప్పుడు మొగ్గలు కూరకు ఉంచుకుని, సంచి నిండుతుందని విచ్చిన పెద్దవి ఆమెకిచ్చాను.

చెబితే, రాసుకుంటున్న సరళ కలం ఆగిపోయింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదవ్వా?"

"నువ్వడిగితివా?"

"అవ్, తప్పు నాదే. అడగాల్సింది నేనే."

ఇద్దరం అడవికి పోయి మొగ్గలు ఒక మోదుగాకు పొట్లంలో, విచ్చినవి ఇంకోదాంట్లో కట్టాం. నేనూ ఆమెతో కాలేజీకి బస్సెక్కాను.

రెండు రోజులు ఆ పిల్ల రసం తీసింది. గాజు గొట్టాల్లో నీళ్లగంజి, ఎంజైమ్, రసం కలిపి, కాసేపాగి అయోడిన్ చుక్క వేసింది. గంజి మిగిలితే నీలం, ఎంజైమ్ తినేస్తే నీలం ఉండదట. విచ్చినవాటి గొట్టంలో నీలం రాలేదు. మొగ్గల గొట్టం మాత్రం నేరేడుపండులా నీలంగా ఉంది.

"సారును పిలువు, జల్దీ," అన్నాను.

"ఇంకో రెండుసార్లు చూసినంక."

గొట్టాలు కడిగి మళ్లీ మొదలుపెట్టింది. సాయంత్రానికి మూడుసార్లూ అంతే. సారు వచ్చి ఒక్కొక్కటి వెలుతురుకు ఎత్తి చూశాడు.

"మందు అనటానికి చాలా దూరముంది. పని మాత్రం ఆపొద్దు," అన్నాడు. "మొగ్గలు మళ్లా ఎన్నడు దొరుకుతయి?"

"నన్ను కాదు సార్, అవ్వనడగండి," అంది సరళ.

సారు స్టూలు నా వైపు జరిపి, నోట్‌బుక్కు తెరిచాడు.