లచ్చిరాం సాక్ష్యం

లోపల గడియ పడింది. కోడలు సోని అరుపు ఒక్కటి వినిపించి, సగంలో ఆగిపోయింది. పామాయిల్ తోట నుంచి అప్పుడే వచ్చిన లచ్చిరాం తలుపు బాదాడు.

“రాజేషా! తలుపు తియ్‌రా!”

“నా పెళ్లాం, నా ఇష్టం. నువ్వు పో!” తాగిన గొంతుతో కొడుకు అరిచాడు.

ముసలి భుజానికి తలుపు కదల్లేదు. భార్య సైదమ్మ గోడకు ఆనుకుని ఏడుస్తోంది తప్ప ముందుకు రావడం లేదు. లచ్చిరాం తండా చివరికి పరుగెత్తాడు. పామాయిల్ గెలలు మోసే ట్రాక్టర్ నీడన మగవాళ్లు పేకాడుతున్నారు.

“పిల్లను సంపుతున్నడు, జల్దీ రాండ్రి!”

ఎవరూ లేవలేదు.

“మొగుడు పెళ్లాల లొల్లిల మనమెట్ల పోతం? రేపు పంచాయతీల కూసోబెడ్దం,” అన్నాడు తండా పెద్ద హాతీరాం.

“రేపటిదాంక పిల్ల ఉండదన్నా!” లచ్చిరాం అతని కాళ్ల మీద పడ్డాడు.

హాతీరాం కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. ట్రాక్టర్ డ్రైవర్ బొజ్జయ్య మాత్రం ముక్కలు కింద పారేసి లేచాడు. ఆ తండావాడు కాదు, చుట్టమూ కాదు.

ఇద్దరూ కలిసి తన్నితే గడియ ఊడింది. సోని మూలన పడి ఉంది. చెవిలోంచి రక్తం కారుతోంది. మళ్లీ కట్టె ఎత్తిన కొడుకును లచ్చిరాం వెనక నుంచి వాటేసుకున్నాడు. చిన్నప్పుడు జాతరలో తప్పిపోయి దొరికిననాడు వాణ్ణి అలాగే పట్టుకున్నాడు. ఇప్పుడు వాడు మోచేత్తో తండ్రి మూతి పగలగొట్టాడు. బొజ్జయ్య సోనిని ట్రాక్టర్ ఎక్కించేదాకా లచ్చిరాం పట్టు వదల్లేదు.

అశ్వారావుపేట దవాఖానాకు పోలీసు వచ్చేసరికి హాతీరాం కూడా మోటార్‌సైకిల్ మీద దిగాడు. “కాలు జారి పడ్డదని చెప్పు. ఒక్కగానొక్క కొడుకు, జైలుకు పోతడు,” అని లచ్చిరాం చెవిలో అన్నాడు.

“ఎవరు కొట్టిండ్రమ్మా?” పోలీసు అడిగాడు.

సోని మామ ముఖంలోకి చూసింది.

“నా కొడుకే సార్,” అన్నాడు లచ్చిరాం. “సాక్షిగా నన్ను రాసుకోండ్రి.”

సాయంత్రానికి రాజేష్‌ను జీపెక్కించారు. సైదమ్మ దవాఖానా గుమ్మం దాకా వచ్చి, “కన్నకొడుకును నువ్వే మింగినవ్,” అని మొగుడి మీద మట్టి ఎత్తి పోసి వెళ్లిపోయింది. సోనికి ఆ చెవి ఇక వినబడదని డాక్టర్ చెప్పాడు.

“మామా, బెయిల్ మీద ఆయనొస్తే?” అడిగింది సోని.

నేనున్నా కదా అందామనుకున్నాడు. కానీ మరోసారి వాణ్ణి పట్టుకోగల సత్తువ తన చేతుల్లో లేదు.

“ఇంటికి రాకు బిడ్డా. పినపాకల ఉన్న మీ అన్నకు ఫోన్ చేస్త. ఆడనే ఉండు.”

“అవ్ మామా,” అని సోని అటు తిరిగి పడుకుంది. లచ్చిరాం ఎస్టీడీ బూత్ వెతుక్కుంటూ బజారులోకి నడిచాడు.