తవిటమ్మ కంప్రెసర్

యంత్రం పని అయిపోయిందని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. విజయనగరంలో ఇరవై రెండేళ్ళుగా ఎయిర్ కంప్రెసర్లు బాగుచేస్తున్నాను. పాతదాన్ని పట్టుకుని వేలాడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తుప్పు పట్టిన గాలి ట్యాంకు పేలితే ఏమవుతుందో ఒకసారి కళ్ళారా చూశాను. ఆ షాపు పైకప్పు రేకు రోడ్డు అవతల పడింది. మనిషి బతికాడు గానీ కుడిచెయ్యి పోయింది.

అందుకే దసరా వెళ్ళిన వారానికి రాజాం రోడ్డులో తవిటమ్మ పంక్చర్ షాపుకి వెళ్ళినప్పుడు, ట్యాంకుకి కొట్టిన రేకుముక్క మీద సంవత్సరం చదివి, పనిముట్ల సంచి కూడా విప్పలేదు. ఆ ట్యాంకు వయసు ముప్ఫై ఏళ్ళు.

"పిన్నీ, దీన్ని పాత ఇనుముకి ఇచ్చెయ్యి. నాను ముట్టను," అన్నాను.

తవిటమ్మకి అరవై దగ్గరపడ్డాయి. భర్త కొండబాబు పోయి ఎనిమిదేళ్ళు. అప్పట్నించీ షాపు ఒక్కర్తే నడుపుతోంది. లారీ టైరుని దొర్లించుకుంటూ వస్తున్నదల్లా ఆగి, నన్ను ఎగాదిగా చూసింది.

"గాలి ఎక్కడానికి గంట పడతన్నాది, దీని తలకాయ నిప్పులా కాల్తన్నాది, సూడు బాబూ అని పిలిస్తే పారెయ్యమంటావేటి? ఇది లేకపోతే షాపుకి తాళమే. ఈ వయసులో నాను ఇంకేటి సేత్తాను?"

"పేలిందంటే షాపుతో పాటు నువ్వూ పోతావు."

"పేలదు. లోపల సూసి మాటాడు. సూడకండా సెప్పకు."

నాకు కోపం నషాళానికంటింది. "సరే, నీళ్ళ పరీక్ష పెడతాను. ఒక్క సుక్క కారినా గ్యాస్ కట్టర్‌తో దీన్ని నానే కోసేస్తాను, మళ్ళీ ఎవడూ వాడకండా. ఒప్పుకుంటావా?"

ఆమె ట్యాంకు మీద చెయ్యి వేసింది. "కారితే కోసెయ్యి," అంది. గొంతు మాత్రం తగ్గింది.

ట్యాంకు నిండా నీళ్ళు నింపి, రోజూ పట్టే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు చేతిపంపుతో ఎక్కించడమే ఆ పరీక్ష. ఇనుము ఎక్కడ పల్చబడితే అక్కడ నీళ్ళు చెమ్మగిల్లి బయటపడతాయి. ముందుగా పక్కనున్న బిరడా విప్పి లోపలికి టార్చి వేశాను. మా వైపు సముద్రపు తేమ గాలి. దాన్ని నొక్కి ట్యాంకులోకి పంపితే ఆ తేమంతా నీరై అడుగున చేరుతుంది. అయిదేళ్ళు తిరక్కుండానే ఎర్రటి పెచ్చులు ఊడిపడిన ట్యాంకులు ఎన్ని చూశానో లెక్కలేదు.

ఇక్కడ పెచ్చు లేదు. నున్నటి ఇనుము ఉంది. అడుగున వెల్డింగ్ గీత, అది వేసినవాడి చెయ్యి కాస్త వణికిన చోటుతో సహా, కొత్తగా వేసినట్టు కనబడింది. టార్చి తిప్పి ఇంకోసారి చూశాను. ఇరవై రెండేళ్ళలో అలాంటిది నేను చూడలేదు.

అయినా పరీక్ష మానలేదు. పంపు కొట్టి అరగంట కూర్చున్నాను. తవిటమ్మ టైరు మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తోంది గానీ గేజి వైపు చూడలేదు. సూది ఎక్కడ నిలబెట్టానో అక్కడే ఉంది. ట్యాంకు చుట్టూ అరచేత్తో తడిమాను. ఎక్కడా తడి లేదు.

"కొయ్యక్కర్లేదు పిన్నీ," అన్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "దీనికి ఏటి సేసినావు?"

"ఏటుంది? రోజూ నీళ్ళు వదిలినాను."

షట్టరు దించేముందు, ట్యాంకులో కొంచెం గాలి ఉండగానే అడుగు కుళాయి తిప్పుతుందట. కింద ఓ తెల్లగుడ్డ పట్టి ఆ నీళ్ళ రంగు చూస్తుందట. ఎర్రగా పడితే తుప్పు, పాలలా పడితే ఆయిలు. మచ్చ పడకపోతేనే ఇంటికి వెళ్తుంది. కంప్రెసర్ కొన్న మొదటిరోజే కొండబాబు చూపించి ఆమెకి అప్పగించిన పద్ధతి అది. గుడ్డలు కూడా ఆయన పాత పంచెలవే.

"ఒక్క రోజూ మానలేదా?"

"మావ పోయిన రోజు కూడా మానలేదు బాబూ. పెద్దకర్మ దాకా షాపు తియ్యకూడదన్నారు. సాయంత్రమయ్యేసరికి షట్టరు మూరెడు ఎత్తి, లోపలికి దూరి, తిప్పి వచ్చీదాన్ని. మొదటిరోజు బుస్సుమన్నాది. తరవాత ఏటీ రాలేదు. అయినా తిప్పీదాన్ని. ఆ పని నాకు ఒప్పసెప్పి ఎల్లినాడు కదా."

నడవని కంప్రెసర్‌లో నీరు చేరదు. మొదటిరోజు తరవాత ఆమె తిప్పాల్సిన పనే లేదు. ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. మనిషికి తెలియనిది మొహం మీదే చెప్పే అలవాటు నాది. ఆ రోజు మాత్రం మింగేశాను.

నీళ్ళు వంచి, ట్యాంకు ఆరబెట్టాక అసలు జబ్బు వెతికాను. గాలి పీల్చే ఫిల్టరు విప్పితే ఏముంది! మందంగా పసుపు, పైన కుంకుమ, రెండూ ఎండి అట్టకట్టాయి.

"ఇదేటి పిన్నీ?"

"దసరా పూజ కదా. ఏటా ట్యాంకుకే బొట్టు పెడతాను. ముప్ఫై ఏళ్ళు నిండినాయని ఈసారి నిండుగా అంతా రాసినాను."

"దాని ముక్కు మూసేసి, ఊపిరాడక సస్తన్నాదని నన్ను పిలుస్తావా!"

తవిటమ్మ నోరు తెరిచింది. తరవాత యంత్రం ముందు నిలబడి చటచటా లెంపలేసుకుంది. నేను పడీపడీ నవ్వాను. కొత్త ఫిల్టరు వేసి మోటారు తిప్పితే పది నిమిషాల్లో ట్యాంకు నిండింది.

పొద్దువాలాక ఆమె వంగి కుళాయి తిప్పింది. బుస్సున గాలి, దాంతో నాలుగు చుక్కలు. గుడ్డ వెలుతురుకి పట్టి నాకు చూపించింది. ఒక్క మచ్చ లేదు. ఎందుకో తెలీదు, ఆ తడిని వేలితో ముట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నా వర్క్‌షాపులో నా సొంత కంప్రెసర్ కింద మోకాళ్ళ మీద కూర్చున్నాను. అది కొని నాలుగేళ్ళు. కుళాయి కదల్లేదు. పానా వేసి గట్టిగా తిప్పితే విరిగి చేతిలోకి వచ్చింది. ఆ కన్నంలోంచి ఎర్రటి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కన్నం మూసి, నీళ్ళు నింపి, చేతిపంపు తగిలించి పరీక్ష పెట్టాను. సూది సగానికి రాకముందే అడుగున చెమ్మగిల్లింది.

పంపు తీసేశాను. నీళ్ళన్నీ వంచేసి, గ్యాస్ కట్టర్ వెలిగించాను.