ఊపిరి ఇరవై

మా వార్డులో ప్రతి రోగీ నిమిషానికి ఇరవై సార్లు ఊపిరి తీస్తాడు. తొమ్మిదో మంచం మీది దర్జీ ఇరవై, కిటికీ పక్కన పడుకున్న లారీ డ్రైవరు ఇరవై, నిన్న కడుపు ఆపరేషన్ అయి వచ్చిన పంతులుగారు ఇరవై. జ్వరం, రక్తపోటు యంత్రాలు చెబుతాయి కాబట్టి అక్కడ మన తెలివితేటలు పనికిరావు. ఊపిరి మాత్రం నర్సు నిలబడి, గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టాలి. ముప్పై నాలుగు మంచాలకు ముప్పై నాలుగు నిమిషాలు. అంత తీరిక ఎవరికుంది? చార్టులో ఆ గడి దగ్గరకు వచ్చేసరికి చెయ్యి దానంతటదే ఇరవై వేసేస్తుంది. పదహారేళ్ళుగా వేస్తున్నాను. అందరికీ ఒకటే ఉంటే బాగుండదని అప్పుడప్పుడూ ఒకరికి పద్దెనిమిది వేస్తాను, ఏదో దయ తలిచినట్టు.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, కొత్తపిల్ల కాగితం విషయంలో నేను చేసింది కూడా ఇదే కాబట్టి.

నర్సింగ్ కాలేజీ నుంచి ఒకావిడ పరిశోధన చేయడానికి మా ఆసుపత్రికి వచ్చింది. నర్సులు ఎంతసేపు నిద్రపోతున్నారు, వేళకు తింటున్నారా, నడుస్తున్నారా, వాటికీ మనసు బాగోగులకూ సంబంధం ఏమిటి, ఇదీ ఆవిడ విషయం. పన్నెండు వారాలు, ప్రతి సోమవారం తలా ఒక కాగితం. మా వార్డులో పద్నాలుగు మందిమి. కాగితం మీద పేరు ఉండదు, నంబరే; ఏ నంబరు ఎవరిదో, వాళ్ళ ఫోన్ ఏదో ఆవిడ దగ్గరే ఉంటుంది. పంచడం, పోగుచేయడం, కవరులో పెట్టి ఆవిడ గదికి చేర్చడం హెడ్ సిస్టర్ నాకు అంటగట్టింది. చంకలో ఎప్పుడూ ఫైళ్ళ కట్టతో తిరిగే ఆ పరిశోధన ఆవిడకు నేను కాగితాలమ్మ అని పేరు పెట్టాను. పాపం, చాలా మర్యాదస్తురాలు. ఆయమ్మలను కూడా మీరు అనే పిలుస్తుంది.

కాగితం అడుగున చిన్న అక్షరాలతో ఒక మాట ఉంది. "మీ జవాబులు ఆందోళన కలిగించేలా ఉంటే రెండు రోజుల్లోపు మేమే మీకు ఫోన్ చేస్తాం." నేను దాన్ని చదివాను. నేనూ కొత్తపిల్లా పోను మిగతా పన్నెండు మంది చదివారో లేదో తెలియదు, ఎందుకంటే వాళ్ళెవరూ కాగితమే ముట్టుకోలేదు.

"నువ్వే రాసెయ్యవే తల్లీ. నీకు చెయ్యి తిరిగిన పనేగా," అన్నారు.

రాసేశాను. నిద్ర ఏడు గంటలు, నడక అరగంట, భోజనం వేళకు. మనసు భాగంలో తొమ్మిది ప్రశ్నలు. దిగులుగా అనిపించిందా, ఏ పనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా, ఇలాంటివి. అన్నిటికీ "ఎప్పుడూ లేదు" చుట్టూ సున్నా. టీ తాగేలోపు పన్నెండు మంది ఆరోగ్యాలూ కుదుటపడ్డాయి. పద్నాలుగో నంబరు నాది. అది కూడా అదే ఊపులో అయిపోయింది.

పదకొండో నంబరు కొత్తపిల్లది. వార్డులో చేరి ఎనిమిది నెలలైనా ఇంకా అదే పేరు. ఎవరూ చూడకపోయినా రోగి మణికట్టు పట్టుకుని నిలబడి లెక్కపెట్టే మనిషి. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, కళ్ళతో ఛాతీ చూస్తూ ఊపిరి లెక్కపెట్టాలని మాకు కాలేజీలో నేర్పుతారు. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి ఊపిరి మార్చేస్తాడు. మేమంతా ఆ పాఠాన్ని సర్టిఫికెట్‌తో పాటు బీరువాలో దాచుకున్నాం. ఆ పిల్ల రోజూ వెంట తెచ్చుకుంటోంది. "నీ పన్నెండు మంచాలు అయ్యేసరికి మా పెన్షన్ వచ్చేస్తుందే," అని ఏడిపించేదాన్ని. నవ్వేది. ఈమధ్య నవ్వడం లేదన్న సంగతి నేను గమనించలేదు.

ఆ సోమవారం తన కాగితం తనే రాసుకుంది. మందుల అలమర పక్కన నిలబడి, పరీక్ష రాస్తున్నట్టు చాలాసేపు రాసింది. మడిచి నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. కాసేపటికి నా చెయ్యి తగిలి టీ ఒలికింది. తక్కిన పదమూడూ కవరులోకి వెళ్ళిపోయాయి, ఇదొక్కటే తడిసి ముద్దయింది. తడి కాగితం ఎలా ఇస్తామని కొత్తది తీసి పదకొండు అని వేశాను. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఏడు గంటలు, అరగంట, వేళకు, తొమ్మిది సున్నాలు. కవరు అంటించి, కాగితాలమ్మ గదిలో ఇచ్చి వచ్చాను.

తిరిగొచ్చి బల్ల తుడుస్తూ తడి కాగితాన్ని చెత్తబుట్టలో వేయబోతూ చూశాను. నిద్ర రెండు గంటలు. భోజనం దగ్గర "గుర్తుండదు" అని రాసింది. తొమ్మిది సున్నాలూ కుడి చివర గడిలో ఉన్నాయి, "దాదాపు ప్రతిరోజూ" దగ్గర. చిట్టచివరి ప్రశ్న, బతకాలని లేదనిపించిందా అన్నది. అక్కడ సున్నా రెండుసార్లు చుట్టింది, కాగితం చిరిగేంతగా.

అది చదివి నాకు ఏమీ అనిపించలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. గుండె గుభేలుమనాలి కదా. అనలేదు. మూడో మంచానికి సూది మందు వేళయిందని గుర్తొచ్చింది. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాను.

మా ఇంట్లోనూ ఇలాగే ఉంది చాలా రోజులుగా. మా అమ్మాయి పరుగుపందెంలో కప్పు గెలిచి తెస్తే "ఊఁ" అన్నాను. అది కాసేపు నిలబడి, కప్పు తీసుకెళ్ళి వాళ్ళ నాన్నకు చూపించుకుంది. "నీతో మాట్లాడేకంటే ఫ్రిజ్‌తో మాట్లాడటం నయం. తలుపు తీస్తే లోపల లైటన్నా వెలుగుతుంది," అంటాడు మా ఆయన. ఆ మాటకు మా అమ్మాయి పడీపడీ నవ్వింది. అందులో నవ్వు ఎక్కడుందో నాకు దొరకలేదు. ఏం జరిగిందని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. డ్యూటీకి వెళ్తున్నాను, వస్తున్నాను, కూర మాడటం లేదు.

మంగళవారం కొత్తపిల్ల జేబులో ఫోన్ కనిపించింది. డ్యూటీలో ఫోన్ బల్ల మీద వదలాలి, జేబులో ఉంచుకోకూడదు. ఆ పిల్ల రూలు దాటిన మనిషి కాదు. మంచం మంచానికీ మధ్య ఒకసారి తీసి చూసి పెట్టుకునేది. ఎవరి ఫోన్ కోసమో నాకు తెలుసు. అది రాదని కూడా, ఈ భూమ్మీద నా ఒక్కదానికే తెలుసు.

బుధవారం మధ్యాహ్నం కాగితాలమ్మ గది దాకా వెళ్ళాను. తలుపు ఓరగా తీసి ఉంది. ఆవిడ నన్ను చూసి లేచి నిలబడింది.

"రండి సిస్టర్! ఇప్పుడే ఫోన్‌లో మీ వార్డు గురించే చెప్పాను మా కాలేజీ మేడంకి. ఇంత పని ఒత్తిడిలో అందరూ ఇంత నిబ్బరంగా ఉన్నారంటే, మీ నుంచి మిగతా వార్డులు నేర్చుకోవాలండీ."

జేబులో కాగితం ఎండి అట్టలా గుచ్చుకుంటోంది. తీసి ఇస్తే ఒక్క నిమిషం పని. ఎందుకు మార్చావని అడుగుతారు, హెడ్ సిస్టర్‌కి తెలుస్తుంది, పన్నెండు మంది సంగతీ బయటపడుతుంది. అవన్నీ ఆలోచించి ఆగానంటే అది కూడా గొప్పే. ఆలోచించలేదు. "థాంక్సండీ," అని వెనక్కి వచ్చేశాను. నోరు దానంతటదే అనేసింది.

గురువారం కూడా ఆ పిల్ల ఫోన్ చూసుకుంది. శుక్రవారం ఒకటి రెండుసార్లు. శనివారం ఫోన్ జేబులో లేదు. ఆ రోజు చార్టులు సర్దుతుంటే ఆమె మంచాల దగ్గర ఆగిపోయాను. ఇరవై, ఇరవై, ఇరవై. పన్నెండు మంచాలకూ ఇరవై. ఆ అంకెలు నా చేతిరాతలో ఉంటే పట్టించుకునేదాన్ని కాదు. ఆ పిల్ల గుండ్రటి రాతలో ఉన్నాయి. అక్కడ మొదటిసారి భయం వేసింది. భయమేనా అని ఒకసారి సరిచూసుకున్నాను కూడా, అలవాటు తప్పింది కదా.

ఆదివారం నాకు సెలవు. ఆ పిల్ల ఫోన్ నంబరు తీసి పెట్టుకుని, చేయకుండా బట్టలు ఇస్త్రీ చేశాను. ఆ రోజు ఆ పిల్లకు ఏమైనా అయి ఉంటే ఈ కథ నేను చెప్పేదాన్ని కాదు.

సోమవారం పొద్దున్న కొత్త కాగితాలు పంచాను. నేనింకా కుర్చీలో కూర్చోకముందే కొత్తపిల్ల తనది తెచ్చి ఇచ్చింది. ఏడు గంటలు, అరగంట, వేళకు. ఎడమ చివర తొమ్మిది సున్నాలు.

డ్రెస్సింగ్ గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను.

"ఏంటే ఇది?"

"కాగితం అక్కా."

"ఇది నిజమా?"

ఆ పిల్ల గోడకు ఆనుకుంది. "పోయిన వారం నిజమే రాశానక్కా. రెండు రోజుల్లో ఫోన్ చేస్తామన్నారు కదా. రాలేదు. చదువుకున్నవాళ్ళు, లెక్కలు వేసి చూస్తారు. వాళ్ళే చెయ్యలేదంటే అది పెద్ద విషయం కాదన్నమాట. అందరికీ ఇలాగే ఉంటుందేమో, నేనే ఓర్చుకోలేకపోతున్నానేమో అనిపించింది. మీరంతా బాగానే చేసుకుంటున్నారుగా. అందుకే మీలాగే రాశా."

జేబులోంచి ఎండిన కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాను. "నీది వాళ్ళకి చేరలేదే. టీ పడింది. నేను వేరేది రాసి ఇచ్చాను. చూడకుండా రాశాను. తర్వాత చూశాను. చూసి కూడా వారం రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. నిన్ను పట్టించుకోనిది వాళ్ళు కాదు, నేను."

కొట్టినా బాగుండేది. ఆమె ఆ కాగితాన్ని తిప్పి చూసుకుని, మెల్లగా కింద కూర్చుంది. "అయితే ఫోన్ చేసేవాళ్ళా?" అని అడిగింది.

"చేసేవాళ్ళే."

"అంటే ఇది పెద్ద విషయమేనా?"

"పెద్ద విషయమేనే."

అప్పుడు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఏడవడం రాలేదు కానీ సిగ్గేసింది, చెవులు కాలిపోయేంత సిగ్గు. కాసేపటికి ముఖం తుడుచుకుని నా మణికట్టు పట్టుకుంది. నాడి చూస్తోందనుకోవడానికి నేనేమన్నా రోగినా? ఆమె చూపు నా ఛాతీ మీద ఉంది. నిమిషం దాకా వదల్లేదు.

"ఎంత?" అన్నాను.

మణికట్టు వదిలేసింది. "నీ కాగితం ఎవరు రాశారక్కా?"

"నేనే."

"చూసి రాశావా?"

నేను పంచగా మిగిలిన కట్టలోంచి ఖాళీ కాగితం తీసి నా ఒళ్ళో పెట్టింది. ఆ పిల్ల మాట కాదనే ముఖం నాకు లేదు కాబట్టి రాశాను. ప్రతి ప్రశ్నా చదివి, ఆగి, రాశాను. ఏదైనా విషయానికి సంతోషం కలిగిందా అన్న దగ్గర కప్పు గుర్తొచ్చింది. తర్వాత ఆమెను వెంటబెట్టుకుని కాగితాలమ్మ గదికి వెళ్ళాను. ఎండిన ఆమె కాగితం, ఇప్పుడు రాసిన నాది, రెండూ ఇచ్చి తలుపులోంచే మొత్తం చెప్పేశాను, మార్చిన కాగితం, పన్నెండు మంది అబద్ధాలు, అన్నీ. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ముందు కొత్తపిల్లకు కుర్చీ జరిపింది. మధ్యాహ్నంలోపు మానసిక వైద్యురాలి దగ్గర కూర్చోబెట్టింది. సాయంత్రం వాళ్ళ అమ్మ వచ్చి ఇంటికి తీసుకెళ్ళింది. మర్నాడు హెడ్ సిస్టర్ నాకు పెట్టాల్సిన చీవాట్లు గట్టిగానే పెట్టింది. అవి న్యాయమే.

బుధవారం తొమ్మిదో మంచం దర్జీ మణికట్టు పట్టుకుని నిలబడ్డాను. ఇరవై ఆరు వచ్చింది. డాక్టరుకు కబురు చేసి, చార్టులో ఇరవై ఆరు అని రాస్తుండగా బల్ల మీద నా ఫోన్ మోగింది. కాగితాలమ్మ.

"సిస్టర్, సోమవారం ఇచ్చిన కాగితం లెక్క వేశామండీ. జవాబులు మాకు కొంచెం ఆందోళనగా అనిపించాయి. ఒకసారి రాగలరా?"

"ఆ అమ్మాయి మొన్ననే డాక్టరు దగ్గరికి వెళ్ళిందిగా మేడం. ఇప్పుడు వాళ్ళమ్మ దగ్గర ఉంది," అన్నాను. "మీరు నంబరు పొరపాటు పడ్డారేమో. తనది పదకొండు. ఇది నా ఫోను, పద్నాలుగు."

అటువైపు కాగితం తిప్పిన చప్పుడైంది.

"పద్నాలుగేనండీ," అంది ఆవిడ.