రబ్బరు బ్యాండు లాగిన చెయ్యి

పరిషత్ ఎన్నికల ఓట్ల లెక్కింపు ముగిసి రెండు రోజులైంది. తేడా పదకొండు ఓట్లే. ఆ డ్యూటీకి వెళ్ళొచ్చిన బడి లెక్కల పంతులమ్మ, తండ్రి దర్జీ కొట్టులో కాజాలు కుడుతూ టీవీలో తన చేతినే చూస్తోంది. లెక్కింపు బల్ల దగ్గర ఆ చెయ్యి ఓటు కాగితాల కట్టకున్న రబ్బరు బ్యాండు లాగుతుంది. నాలుగు సెకన్లే. పొద్దున్నుంచి తెరమీద వందసార్లు లాగింది.

ఒక చానల్ "కట్ట విప్పిన దొంగ చెయ్యి" అంది. ఇంకోటి అదే బొమ్మ వేసి "ఒక్క తప్పూ దొర్లని లెక్కింపు" అని మురిసిపోయింది.

రెండూ అబద్ధాలే. కట్ట కాస్త లావుగా తగిలితే ఆమె విప్పింది. ఇరవై ఐదుండాల్సిన చోట ఇరవై ఆరున్నాయి. అన్ని పార్టీల ఏజెంట్ల ముందూ మళ్ళీ లెక్కపెట్టి, అంకె దిద్ది, సంతకాలు పెట్టించింది. ఆ ముక్క ఏ చానల్‌కీ పనికిరాలేదు.

చొక్కాకి కొలతలిచ్చి కూర్చున్న బస్సు డ్రైవరు పళ్ళికిలించాడు. "ఏం మాస్టారూ, అమ్మాయి చేతివాటం బాగానే ఉందే!"

తండ్రి కత్తెర ఆగింది. తలొంచుకుని మళ్ళీ చేతిలోని గుడ్డ కత్తిరించసాగాడు. అదే ఆమెకు గుచ్చుకుంది. లోకం ఏమన్నా అనుకోనీ, రాత్రింబవళ్ళు మిషను తొక్కి చదివించిన మనిషి నమ్మకపోతే ఎలా?

ఇంతలో ఫోను. విలేకరి.

"తప్పు జరిగిందా లేదా మేడమ్? ఒక్క ముక్కలో చెప్పండి."

"జరిగింది. పట్టుకున్నాం. దిద్దాం."

"'జరిగింది' వరకు వేసుకుంటాం."

"వేస్తే మూడూ వెయ్యండి, లేదా మానెయ్యండి."

"అంత టైముండదండీ. కాస్త కళ్ళనీళ్ళు పెట్టుకుంటే అరనిమిషం ఇప్పిస్తా."

"ఛీ!" అని పెట్టేసింది. ఎంగిలి అంటినట్టు ఫోన్ని గుడ్డముక్కతో తుడిచి అవతలికి నెట్టింది.

"ఎందుకు విప్పావే?" అన్నాడు తండ్రి, తలెత్తకుండా.

"చేతికి లావుగా తగిలింది నాన్నా. ఒకటి ఎక్కువుంది. దిద్దించాను."

ఆయన ఆమె వేళ్ళకేసి ఒక్క క్షణం చూసి, టేపు తీసుకుని లేచాడు. "లేవయ్యా, భుజాలు."

"ఇందాకే కొలిచారుగా?" అన్నాడు డ్రైవరు.

"భుజం గీత వెడల్పుగా పడిందనిపిస్తోంది."

కొలిచాడు. గుడ్డమీది సుద్దగీతను బొటనవేలితో చెరిపి, అరంగుళం లోపలికి గీశాడు. "ఇదిగో, ఇదీ దొంగ చెయ్యే. పోయి టీవీలో చెప్పుకో."

తెరమీద ఆ చెయ్యి మళ్ళీ రబ్బరు బ్యాండు లాగబోయింది. ఆమె లేచి ప్లగ్గు పీకేసింది.