అలిగిన చిలక తలుపు

అహ్మదాబాద్ పాతబస్తీలో యాత్రికులను నడిపించి కబుర్లు చెప్పడం ఝంఖనా పని. వాళ్లవైపు తిరిగి వెనకడుగులతో నడుస్తూ వచ్చి, ఇరుకు సందు చివర కంకుబా ఇంటిముందు ఎప్పటిలాగే అందరిచేతా కళ్లు మూయించి, తను గుమ్మానికి వీపుపెట్టి నిలబడింది.

"తాతలనాటి టేకు తలుపు. నిండా చిలకలే. ఒక్కటి మాత్రం అలిగి అటు తిరిగింది, చెక్కినవాడి పెళ్లాంలాగా! ఇక తెరవండి."

ఎవరూ నవ్వలేదు. "చిలకలేవమ్మా?" అన్నాడొకాయన.

ఆమె వెనక్కి తిరిగింది. గుమ్మానికి గోనెపట్టా వేలాడుతోంది.

పట్టా తొలగించుకుని కంకుబా వచ్చింది. అందరూ 'బా' అని పిలిచే ఆ ముసలామెకు మిగిలిన ఆస్తల్లా ఆ తలుపే.

"నువ్వు పంపినవాళ్లు పొద్దున్నే పట్టుకెళ్లారే పిల్లా. పాలిష్ పెట్టి తెస్తారట."

"నేనెవర్నీ పంపలేదు బా! ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఎలా ఇచ్చావు?"

"నీ మనుషులు కాకపోవడమేంటి? అలిగిన చిలక మాట అచ్చం నీలాగే చెప్పి నవ్వించారు. చాయ్ కూడా పోశాను."

ఝంఖనాకు అప్పుడు గుర్తొచ్చింది. పోయిన ఆదివారం ఇక్కడే ఆ చిలక మాట చెబుతుంటే, ఒకడు కళ్లు మూసుకోకుండా తలుపునే కొలిచినట్టు చూశాడు. సిగ్గేమోలే అనుకుని, ఆమే నవ్వి వదిలేసింది.